తఫీదా విసిరిన పన్ను

కఫ్ర్ సందీల్‌లో ఏ పిల్లకి పన్ను కదిలినా ఆ కబురు ముందు తఫీదాకే చేరుతుంది. తల్లి దారం కట్టి లాగినా, పిల్లాడే నాలుకతో తోసి తోసి ఊడగొట్టుకున్నా, ఊడిన పన్నుని గుప్పిట్లో పెట్టుకుని ఆవిడ గుమ్మం ముందుకి రావాల్సిందే. ఎవరి పన్ను వాళ్ళే సూర్యుడి వైపు విసురుకోవచ్చు కదా అంటారా? విసురుకోవచ్చు. కానీ తఫీదా హస్తవాసి అలాంటిది. ఆవిడ విసిరిన పన్ను చోట వంకర పన్ను మొలిచిన పిల్ల ఊళ్ళోనే లేదని ఆడవాళ్ళు ఒట్టేసి మరీ చెబుతారు. మొలిచిన వాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు, అది వేరే విషయం.

చూడబోతే ఆవిడ మహా మామూలు మనిషి. చదువు లేదు. మొగుడు పోయాక వరి నాట్లకి పోయి, నలుగురిళ్ళలో పిండి పిసికి రొట్టెలు కాల్చి ఒక్కగానొక్క కొడుకుని పెంచింది. ఆ కొడుకిప్పుడు టాంటా దారిలో మైక్రోబస్సు నడుపుతాడు, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది. ఇంట్లో ఉండేది తనూ, కోడలు నహ్లా, ఎనిమిదేళ్ళ మనవరాలు రొదైనా. ఆవిడ వంట అంతంతమాత్రం, ఆ మాట కోడలు మొహం మీదే అంటుంది. నోరు మాత్రం గట్టిది. ఎదురింటి సబీహా బాతులు తన ములూఖియా ఆకుకూర మడి మేసేశాయని ఒకనాడు వీధంతా వినబడేలా పోట్లాడి, ఆ తర్వాత ఆ ఇంటి గడప తొక్కలేదు. మనిషన్నాక ఏదో ఒక గొప్ప ఉండాలి కదా! తఫీదాకున్న గొప్పల్లా ఆ పన్ను విసరడమే.

దానికీ ఓ పద్ధతుంది. పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి సూర్యుడు, వాళ్ళ మాటల్లో సూర్యమ్మ, సబీహా ఇంటి కప్పు మీదికి వాలి ఉంటుంది. తఫీదా అటు తిరిగి నిలబడి, బిస్మిల్లా అని, ఆ వెలుగుకి కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. ఈ గేదె పన్ను నువ్వు పుచ్చుకుని పెళ్ళికూతురికుండేలాంటి పన్ను మా పిల్లకియ్యి తల్లీ అని అడుగుతుంది. భుజంలో ఉన్న బలమంతా పెట్టి విసురుతుంది. కళ్ళు తెరిచేసరికి పన్ను ఉండదు. ఉండదు కాబట్టి సూర్యమ్మ తీసుకున్నట్టే. ఈ విషయంలో ఆవిడకి ఏనాడూ రవ్వంత అనుమానం లేదు.

ఆ వారమంతా రొదైనాకి పైన పక్క పన్ను ఒకటి ఊగుతోంది. "తేతా, రేపు ఊడిపోతుంది చూడు, చెయ్యి సిద్ధంగా పెట్టుకో," అని రోజూ నాయనమ్మకి గుర్తు చేస్తోంది. ఆ రోజు బడి నుంచి రాగానే సంచీ గుమ్మంలో పారేసి, ఇంటి ముందున్న చేతిపంపు పిడి పట్టుకుని ఉయ్యాలూగడం మొదలెట్టింది. ఊగొద్దని ఎన్నిసార్లు చెప్పారు! చెప్పిన మాట వింటే పిల్లలెందుకవుతారు? చెయ్యి జారింది, పిడి ఎగిరొచ్చి మూతి మీద ఫాట్‌మని కొట్టింది.

ముందుగా చేరింది తఫీదానే. నోటి నిండా నెత్తురు. పిల్ల కేక వీధి దాటి పోతోంది. పంపు కింద తడి గచ్చు మీద పన్ను పడి ఉంది. అది చూడగానే ఆవిడకి ఊపిరొచ్చింది. "హమ్మయ్య, ఊగేదే ఊడిందే తల్లీ! ఏడవకు, ఏడవకు. ఇదిగో, ఇప్పుడే సూర్యమ్మకిచ్చేస్తున్నా, చూడు," అని పన్ను తీసుకుంది. పన్ను ఎందుకో పొడుగ్గా తగిలింది. తగలకేం, తగిలింది. కానీ అలవాటు పడ్డ చెయ్యి ఆగి ఆలోచిస్తుందా? కళ్ళు మూసుకుని విసిరేసింది.

పిల్ల ఏడుపు ఆగలేదు. పెదవి నిమిషాల్లో వంకాయంత వాచింది, నెత్తురు కట్టలేదు. నహ్లా తలగుడ్డ సరిగ్గా చుట్టుకోకుండానే పిల్లని ఎత్తుకుని టుక్‌టుక్ ఎక్కింది, వెనకే తఫీదా ఎక్కింది.

పట్నంలో సర్కారు ఆసుపత్రి అత్యవసర విభాగంలో పళ్ళ డాక్టరు ఒకమ్మాయి, పేరు రగ్దా. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లోకి చూడకముందే ప్రశ్నలు మొదలెట్టింది.

"దెబ్బ తగిలాక స్పృహ తప్పిందా? వాంతి చేసుకుందా?"

"లేదు డాక్టర్, ఏడుపొక్కటే," అంది నహ్లా.

"ఏడవనియ్యి. ఏడ్చే పిల్లతో నాకు భయం లేదు, ఏడవని పిల్లతోనే భయం. ఏదీ బంగారం, నోరు తెరు. ఇప్పుడు మూసి పళ్ళు కొరుకు. మామూలుగానే ఆనుతున్నాయా? వంకరగా ఉన్నట్టుందా? సరే, దవడకేం కాలేదు."

నెత్తురు తుడిచి, వాచిన పెదవిని రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లగా నొక్కుతూ పోయింది. ఒకచోట వేలు ఆగింది. సన్నటి పట్టకారుతో పెదవి లోపలి నుంచి తెల్లటి ముక్కొకటి బయటికి తీసి చూపించింది. "చూశావా, పన్ను మూల విరిగి పెదవిలో దూరింది. ఇది వదిలేసి పెదవి కుట్టేస్తే చీము పట్టేది." తర్వాత విరిగిన పన్ను మీదికి దీపం తిప్పింది. "లోపల పసుప్పచ్చగా ఉంది. ఎర్రగా నరం బయటపడలేదు. ఈ మూల అతికించుకోవచ్చు, దీనికి బెంగ లేదు. మరి దీని పక్కదేది? ఇక్కడ గుంట ఖాళీగా ఉంది."

"అది పాలపన్ను డాక్టర్," అంది నహ్లా తేలిగ్గా. "వారం నుంచీ ఊగుతూనే ఉంది."

రగ్దా వేలితో ఇంకో పన్నుని కదిపింది. అది ఊగింది. "ఊగేది ఇదమ్మా. ఇక్కడే ఉంది. ఊడింది ముందు పన్ను, కొత్తగా వచ్చిన శాశ్వతమైన పన్ను. ఇది పోతే ఇంకోటి మొలవదు." గొంతులో తొందర వచ్చింది. "ఎక్కడుందది? మింగిందా? ఊపిరితిత్తుల్లోకి గానీ పోయిందా? దొరక్కపోతే ఛాతీకి ఎక్స్‌రే ఫొటో తీయించాలి."

తఫీదా గోడకి ఆనుకుంది. నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు, మింగేసిందనుకుంటారు, ఫొటో తీస్తారు, అందులో ఏమీ కనబడదు, కథ అక్కడితో ముగుస్తుంది. ఆ ఆలోచన రాలేదని చెప్పను, వచ్చింది. కానీ పిల్ల బిక్కమొహం వేసుకుని తనవైపే చూస్తోంది.

"మింగలేదు డాక్టర్. నా చేతికే వచ్చింది. నేను..." విసిరిన చెయ్యి వెనక్కి దాచుకుంది. "నేను సూర్యమ్మకిచ్చేశాను."

చేతికి కట్టు కట్టించుకుంటున్న మనిషొకడు పక్క మంచం మీంచి పకపకా నవ్వాడు. "పోయి అడుగు హాగ్గా, పెద్దమ్మా, రసీదు ఏమన్నా ఇచ్చిందేమో!"

నహ్లా మాత్రం నవ్వలేదు. "పాలపన్నో పెద్దపన్నో చూసుకోవద్దా? కళ్ళు కనబడవని ఒప్పుకోవు, కళ్ళజోడు పెట్టుకోమంటే పెట్టుకోవు! నా బిడ్డ జన్మంతా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాలా? ఊరందరి పిల్లలకీ మంచి చెయ్యి, నా కూతురికా ఈ చెయ్యి?" అని బావురుమంది.

"తిట్టుకోవడాలు తర్వాత," అని రగ్దా ఇద్దరి మధ్యకొచ్చింది. "హాగ్గా, ఇటు చూడు. ఆ పన్ను దొరికితే మళ్ళీ పెట్టొచ్చు."

"ఊడిన పన్నా? మళ్ళీనా?"

"ఎందుకు పెట్టకూడదు? నారు పీకి మళ్ళీ నాటమూ? వేరు ఎండకముందే నాటాలి, అంతే. గంటలోపైతే మంచి ఆశ ఉంది. ఎండలో పడి ఉంటే అంత టైం కూడా ఉండదు. తెల్లటి భాగం పట్టుకో, వేరు ముట్టుకోకు. రుద్దకు, సబ్బు పెట్టకు. పాలల్లో వేసి తీసుకురా, వేడి పాలు కాదు సుమా. ఈలోపు నేను విరిగినదాని పని చూస్తాను. వెళ్ళు, వెళ్ళు!"

నారు ఎండితే ఏమవుతుందో తఫీదాకి ఎవరూ చెప్పక్కర్లేదు. మడి గట్టు మీద మరిచిపోయిన నారుకట్ట ఎండకి ఎలా వాలిపోతుందో, ఆ తర్వాత ఎన్ని నీళ్ళు పెట్టినా ఎలా లేవదో ఆవిడ ఎన్నిసార్లు చూడలేదు! అదే టుక్‌టుక్ ఎక్కి, "తోలు నాయనా, నీకు పుణ్యముంటుంది, తోలు," అంటూనే ఉంది. కాలువ గట్టు దారిలో ముందు గేదెలు అడ్డమొచ్చాయి, తర్వాత గడ్డి బండి అడ్డమొచ్చింది. ప్రతి అడ్డానికీ ఆవిడ ప్రాణం గిలగిలలాడింది. తలెత్తి చూస్తే పైన ఎండ ఇంకా భగభగలాడుతోంది. ఇన్నేళ్ళుగా చల్లని తల్లి అనుకున్నది ఇప్పుడు అక్కడెక్కడో మనవరాలి పన్నుని కాల్చేస్తోంది. కాస్త మబ్బయినా కప్పు తండ్రీ అని దేవుణ్ణి వేడుకుంది. మబ్బు లేదు, ఏమీ లేదు.

ఊరు చేరగానే తఫీదా పోయి ఎదురింటి తలుపు దబదబా బాదింది. సబీహా తలుపు సగమే తీసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇదేం విడ్డూరం! దారి తప్పొచ్చావా? నా బాతులు ఇవాళ నీ మడిలోకి రాలేదే!"

"సబీహా, నీ కాళ్ళు పట్టుకుంటాను, నన్ను కప్పు మీదికి పోనియ్యి. రొదైనా పన్ను... పెద్దపన్ను... విసిరేశాను. తెస్తే మళ్ళీ పెడతారట. ఎండిపోతే చచ్చిపోతుందట."

సబీహా మొహంలో వెటకారం మాయమైంది. "ఇంకా నిలబడతావేం, ఎక్కు," అని తనే ముందు మెట్లెక్కింది.

కప్పు మీద ఒకవైపు పత్తికట్టె మోపులు, ఒకవైపు పావురాల గూళ్ళు, మధ్యలో బాతులు, వాటికోసం కోసి తెచ్చి పోసిన బర్సీం గడ్డి. సబీహా ఇవేవీ చూడకుండా నేరుగా పిట్టగోడ మూలకి పోయి, అక్కడున్న గోనెసంచి పక్కకి లాగింది. "ఊడ్చినవన్నీ ఇక్కడికే తోస్తాను. ఇందులో ఉందేమో చూడు."

తఫీదా వంగి చూసింది. దుమ్ములో బియ్యపు నూకల్లాగా పళ్ళు. చిట్టి చిట్టి పళ్ళు, కొన్ని తెల్లవి, కొన్ని పచ్చబడ్డవి, కొన్ని పుచ్చినవి, పిడికిళ్ళ కొద్దీ.

"ఏమిటివి?" అంది. ఏమిటో తెలుస్తూనే ఉంది, అయినా అడిగింది.

"నీ సూర్యమ్మ తీసుకున్నవి," అంది సబీహా.

తఫీదా అక్కడే చతికిలబడిపోయింది. పెళ్ళిళ్ళయి పిల్లల్ని కన్నవాళ్ళ పళ్ళు, దుబాయి పోయినవాళ్ళ పళ్ళు, మొన్న మొన్న వచ్చి గంతులేస్తూ పోయినవాళ్ళ పళ్ళు, అన్నీ అక్కడే ఉన్నాయి. ఒక్కటీ ఎక్కడికీ పోలేదు.

"ఇన్నేళ్ళూ తెలిసి నాకొక్క మాట చెప్పలేదేమే?"

"చెప్పి ఏం బావుకోను? బాతుల తగువు బాతులది. నా ముగ్గురు పిల్లల పళ్ళూ ఇందులోనే ఉన్నాయి, వాళ్ళు ఎగురుకుంటూ ఇంటికొచ్చిన రోజులు నాకు గుర్తు లేవనుకున్నావా? నీ పరువు తీస్తే నాకేమొస్తుంది?" సబీహా ఆవిడ రెక్క పట్టుకుని లేపింది. "ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని. పన్ను వెతుకు!"

తఫీదా దుమ్ములో వేళ్ళు పెట్టి కెలికింది. ఏది తీసినా వేరు లేదు. పాలపళ్ళు వేరు కరిగాకే కదా ఊడతాయి! తన చేతికి పొడుగ్గా తగిలింది ఇది కాదు, ఇదీ కాదు.

"ఇవాళ ఎప్పుడు ఊడ్చావు?"

"పొద్దున. మళ్ళీ చీపురు పట్టలేదు."

అంటే ఈ మూలలో ఉండే అవకాశమే లేదు. ఇద్దరు ముసలాళ్ళూ మోకాళ్ళ మీద కప్పంతా పాకడం మొదలెట్టారు. గచ్చు కాలుతోంది. సున్నపు పెళ్ళ కనబడితే పన్నే అనుకుంటారు, పావురం రెట్ట కనబడితే పన్నే అనుకుంటారు. పత్తికట్టెల్లోకి పోయి ఉంటే ఇక దొరికినట్టే! తఫీదా పైకే ఏడుస్తూ వెతికింది. గంట ఎంత గడిచిందో, ఎంత మిగిలిందో తెలియదు. తెలుసుకోవాలంటేనే భయం.

"అయ్యో, బాతులు!" అని సబీహా ఒక్క అరుపు అరిచింది. బాతులు గడ్డిలో ముక్కులు పెట్టి తలకిందులుగా కెలుకుతున్నాయి. గులకరాయి కనబడినా మింగే జాతి అది. సబీహా కొంగు విదిలించి వాటిని తరిమింది. తఫీదా గడ్డి మీద పడింది. కళ్ళని నమ్ముకోలేదు, రెప్పలు మూసి వేళ్ళతోనే కాడ కాడా తడిమింది. అడుగున గడ్డి ఇంకా చెమ్మగా, చల్లగా ఉంది. అక్కడ వేలికి తగిలింది.

గడ్డి ఒక్కొక్క పోచే తప్పించింది. పన్నే! పొడుగాటి వేరు, దాని మీద ఆరీ ఆరని నెత్తురు పొర. తెల్లటి కొస రెండు గోళ్ళతో పట్టుకుని లేచింది. ఊపిరి తీసుకుంటే పడిపోతుందేమోనని ఊపిరి కూడా బిగబట్టింది.

"పాలు! సబీహా, పాలు! వేడివి కాదు!"

సబీహా టీ గ్లాసులో చల్లారిన గేదె పాలు పోసుకొచ్చింది. పన్ను అందులో మునగ్గానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాటలు మానేసిన వాళ్ళమని అప్పుడు గుర్తొచ్చిందో ఏమో, సబీహా చప్పున మొహం తిప్పేసుకుంది. అయినా కాళ్ళకి చెప్పులైనా వేసుకోకుండా టుక్‌టుక్‌లో పక్కనే ఎక్కి కూర్చుంది. దారిపొడుగునా ఒకరు గ్లాసు పట్టుకున్నారు, ఇంకొకరు గ్లాసు మీద చెయ్యి మూత పెట్టారు. గుంటల్లో పాలు చిందుతూనే ఉన్నాయి, పడిన ప్రతి చుక్కకీ తఫీదా "యా రబ్, దేవుడా" అంది.

రగ్దా గ్లాసులోకి చూసి కనుబొమలు ఎగరేసింది. "ఎక్కడ దొరికింది?"

"పచ్చగడ్డిలో."

"అదృష్టం. గచ్చు మీద పడి ఉంటే ఈ పాటికి ఎండుటాకైపోయేది."

"గంట దాటిపోయిందా డాక్టర్?"

రగ్దా గోడ గడియారం వైపు చూడలేదు. "ఇప్పుడు అది లెక్కపెట్టి లాభం లేదు. పెడదాం. పట్టుకుంటుందా లేదా అన్నది వారాలు గడిస్తే గానీ తెలియదు. కొన్నాళ్ళు నిలిచి పోవచ్చు కూడా. నాలుగేళ్ళు నిలిచినా మేలే, పిల్ల మొహం ఎదిగేదాకా ఆ చోటు కాపాడుతుంది."

నాలుగేళ్ళా? అంటే పిల్లకి పన్నెండొస్తాయి, ఆ తర్వాత? అడిగే హక్కు తనకి లేదనిపించింది తఫీదాకి.

రొదైనా మత్తు సూది చూసి కుర్చీలో ముడుచుకుపోయింది. సూది మీంచి దృష్టి మళ్ళించుకోవడానికో ఏమో, వాచిన పెదవులతో ముద్దముద్దగా అడిగింది. "తేతా, సూర్యమ్మ నా పన్ను తిరిగిచ్చేసిందా?"

నహ్లా అత్తవైపు చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ సబీహా కూడా చూసింది. ఔననేస్తే సరిపోయేది. పిల్ల సంతోషించేది, ఊళ్ళో తఫీదా పేరు ఇంకా పెరిగేది. సూర్యమ్మ మనసు మార్చి వాపసు తీసుకొచ్చిన మనిషని తరతరాలు చెప్పుకునేవాళ్ళు.

"సూర్యమ్మ తీసుకోలేదే తల్లీ. ఎవరిదీ తీసుకోలేదు. అన్నీ సబీహా కప్పు మీదే ఉన్నాయి."

పిల్ల కళ్ళార్పకుండా చూసింది. "మరి నాకీ కొత్త పన్ను ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు. దానంతటదే మొలిచింది. అందుకే ఇది పోతే అడగడానికి ఎవరూ లేరు. కదలకుండా కూర్చో, నీకు దండం పెడతాను."

రొదైనా నోరు తెరిచింది. సూది పడింది, పిల్ల మూలిగింది గానీ కదల్లేదు. రగ్దా గుంట కడిగి, పన్నుని ఉప్పునీళ్ళలో జాడించి, మెల్లగా లోపలికి తోసింది. చిన్న టక్కుమన్న శబ్దం. పక్క పళ్ళకి తీగ అంటించి కట్టాలి, అది కుదురుకునేదాకా పన్నుని ఎవరో ఒకరు పట్టుకోవాలి. నర్సు అప్పుడే వచ్చిన బైకు ప్రమాదం కేసు దగ్గరికి పరిగెత్తింది. నహ్లా చూస్తే రెండు చేతులతోనూ పిల్ల తలని కదలకుండా పట్టుకుని ఉంది.

"హాగ్గా, చేతులు కడుక్కుని తొడుగు వేసుకురా. ఇదిగో, ఇక్కడ వేలు పెట్టు. గట్టిగా నొక్కకు. వదలకు కూడా."

తఫీదా వేలు పెట్టింది. తొడుగు కింద నుంచి కూడా ఆ పన్ను ఎంత చిన్నదో తెలుస్తోంది. వేలి కింద పిల్ల నాడి కొట్టుకుంటోందో, తన వేలే కొట్టుకుంటోందో తెలియలేదు. రగ్దా తీగ వంచింది, మందు రాసింది, నీలం దీపం పట్టింది. ఒక పన్ను, దాని పక్క పన్ను, మళ్ళీ మొదటిది. నడుం లాగేస్తోంది, కంట్లో చెమట దిగి మండుతోంది, ఆవిడ రెప్ప కూడా వెయ్యలేదు.

చివరికి రగ్దా దీపం ఆర్పి వెనక్కి వాలింది. "అయిపోయింది హాగ్గా. తీగ పట్టుకుంది. ఇక చెయ్యి తీసెయ్యి."

తఫీదా తియ్యలేదు.

"తియ్యొచ్చమ్మా," అంది రగ్దా మళ్ళీ.

"ఒక్క నిమిషం ఉండనియ్యి డాక్టర్," అంది తఫీదా. "తీస్తే ఏమవుతుందోనని భయంగా ఉంది."